కళ్ళజోళ్ళాయన విల్లు

ఆ రోజు పొద్దున్న కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న పనులు మూడే. కొట్టు తెరిచే వేళలోపు కొయ్యను ఇంకాస్త గీకాలి. కలప అడితి ఆయనకు ఫోన్ చేసి పగులు సంగతి అడగాలి. ఆ తర్వాత భార్యకు ఫోన్ చేసి ఇక్కడంతా బాగానే ఉందని చెప్పాలి. మొదటి రెండూ పెద్ద కష్టమైన పనులు కావు.

భార్య తన అక్కగారి ఊరు వెళ్ళి చాలా నెలలైంది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న అక్కకు తోడుగా కొన్నాళ్ళుండి వస్తానని చిన్న సంచీతో వెళ్ళింది. మోకాలు బాగుపడింది గానీ, అక్కగారికి తోడు అలవాటైపోయింది. రోజూ ఫోన్లో "తిన్నారా?" అని ఆవిడ అడిగేది. "తిన్నాను" అని ఈయన చెప్పేవాడు. "ఎలా ఉన్నారు?" అంటే "నాకేం, హాయిగా ఉన్నాను" అనేవాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు దానికేసే చూస్తూ కూర్చునేవాడు. రమ్మని అడగొచ్చు. కానీ ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడను ఏదీ నోరు తెరిచి అడిగి ఎరగడు. అడగకముందే ఆవిడ అన్నీ అందించేసేది. అలా ఆయనకు అడగడమనే విద్య పట్టుబడలేదు.

అందుకని విల్లు మొదలుపెట్టాడు.

పెళ్ళైన కొత్తలో ఆవిడ చెప్పిన సంగతి ఒకటుంది. బడిలో చదివే రోజుల్లో ఆవిడకు బాణాలు వెయ్యడం నేర్పారట. గురి తప్పేది కాదట. చదువైపోయాక బడి విల్లు బడిలోనే ఉండిపోయింది, ఆవిడ బయటికి వచ్చేసింది. "ఇప్పటికీ భుజానికి అది గుర్తుందండీ" అందావిడ. "అదెంత పని, నేను చేసిస్తాను" అన్నాడీయన. గోడకు మేకు కొట్టడం కూడా రాని మనిషి అన్న మాటకు ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత అప్పుడప్పుడూ, బట్టలు మడతపెడుతూనో, ఆయన చొక్కాకు గుండీ కుడుతూనో, "నా విల్లు ఎంతదాకా వచ్చింది?" అని అడిగేది. ఎప్పుడు అడగడం మానేసిందో ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తురాలేదు.

మొదటి కొయ్యను చిత్రిక పట్టీ పట్టీ ఒక కొసన పుల్లలా చేశాడు. అది ఇప్పుడు పెరట్లో బట్టలారేసే తీగకు ఊతంగా ఉంది. రెండోది మొదటిసారి వంచగానే విరిగింది. కొయ్యలో పొడుగునా నడిచే చారలను తెగ్గొట్టకూడదనీ, వాటి వెంటే పోవాలనీ అప్పుడు తెలిసింది. మూడోదాన్ని విరిగిన అద్దం ముక్కలతో గీకడం మొదలుపెట్టాడు. కొట్టులో అద్దం ముక్కలకు కొదవలేదు. గీకిన ప్రతిసారీ దానికి తాడు కట్టి, స్నానాలగది తలుపు మీద వేలాడదీసి, కిందికి లాగి, రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో దూరం నుంచి చూసేవాడు. అది వేలాడుతున్నంతసేపూ తలుపు పడేది కాదు. అలాగే స్నానం చేసేవాడు. తలుపు మూసుకోండని అరిచే మనిషి ఇంట్లో లేదు.

కొయ్య ఆరాలంటే తేమ లేని చోటు కావాలి. ఇంట్లో అంత పొడవున, గాలి తగిలే చోటు ఒక్కటే, మంచం మీద కిటికీ పక్క. అది భార్య పడుకునే వైపు. దాన్ని అక్కడే పెట్టాడు. పొద్దున్న మెలకువ రాగానే పక్కకు చెయ్యి చాపితే కొయ్య తగిలేది. మొదట్లో ఉలిక్కిపడేవాడు. తర్వాత తర్వాత కాస్త తడిమి లేవడం అలవాటైంది.

ఇక ఆ పొద్దున్న పెరట్లో నిలబడి అడితి ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పై వాటాలో ఉండే టీచరమ్మ సరిగ్గా ఆయన నెత్తిన బట్టలు ఆరేస్తోంది.

"విల్లు గురించేనండీ. ఎన్నేళ్ళనుంచో వాయిదా వేస్తున్నా, ఇంక ఆలస్యం చెయ్యదలుచుకోలేదు. నిన్న పగులు కనబడింది. లోపలిదాకా ఉందంటారా? అలాగా. అయితే ఎక్కువ రోజులు ఉండదంటారు. సరే, ఉన్నన్నాళ్ళే ఉంటుంది లెండి. అంతా మా ఆవిడకే కదా. లేదు, తనకి తెలీదు. మీరూ చెప్పకండి."

టీచరమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. విల్లు రాస్తున్నాడు. పగులన్నది గుండెలోనో వెన్నులోనో ఆవిడకు తేలలేదు గానీ, ఎక్కడైతేనేం, ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు. పాపం, పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు. ఆవిడ దుప్పటి బకెట్లో పడేసి, లోపలికి వెళ్ళి, కళ్ళజోళ్ళాయన బావమరిదికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికొచ్చేసరికి టీచరమ్మ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"గంజి అన్నయ్యగారూ. ఉప్పు వెయ్యలేదు. మీకు మంచిది."

"ఎందుకండీ శ్రమ?"

"శ్రమేముంది. మనిషికి మనిషే కదా. మీరు ధైర్యంగా ఉండాలి."

ఆయన గిన్నె అందుకున్నాడు. భార్య లేని లోటు తన మొహంలో వీధంతటికీ కనిపిస్తోందన్నమాట. ఉప్పులేని గంజిని కళ్ళనీళ్ళతో కొంత సరిచేసుకుని తాగాడు. పై మెట్లమీద నుంచి అది చూసిన టీచరమ్మకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

సాయంత్రం బావమరిది కొట్టుకొచ్చాడు. బీమా కంపెనీలో గుమాస్తా. ఎప్పుడొచ్చినా కళ్ళజోడు సగం ధరకు అడిగేవాడు. ఆ రోజు ఏమీ అడక్కుండా స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు.

"బావగారూ, విల్లు చేస్తున్నారటగా."

ఆయన అద్దం తుడుస్తున్న గుడ్డ కింద పెట్టాడు. "నీకెవరు చెప్పార్రా?"

"ఎవరైతేనేం లెండి. ఎవరికి?"

"మీ అక్కకే. ఇంకెవరికి చేస్తాను?"

"అంతా అక్కకేనా?"

"సగం ఒకరికీ సగం ఒకరికీ ఇచ్చేది కాదుగా అది."

బావమరిది తల వంచుకున్నాడు. "మీరు ఎంత మంచివారో నాకిన్నాళ్ళూ తెలీలేదు."

"మీ అక్కకి మాత్రం చెప్పకు. అన్నట్టు, రేపు ఆదివారమేగా, పొద్దున్నే రా. చివరి పనికి ఇంకో ఇద్దరుండాలి. నా ఒక్కడివల్ల కాదు. నువ్వు కాక ఇంకొకరు దొరుకుతారా?"

"మా ఆఫీసులో పక్క సీటాయన ఉన్నాడు. సంతకం బాగా చేస్తాడు."

సంతకం సంగతి కళ్ళజోళ్ళాయనకు అర్థం కాలేదు. "బలం ఉంటే చాలు" అన్నాడు. బావమరిది వీధి చివరదాకా నడిచి, అక్కకు చెప్పొద్దన్న మాట గుర్తు తెచ్చుకుని, కాసేపు ఆగి, అక్కకు ఫోన్ చేశాడు.

ఆదివారం వాళ్ళిద్దరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. పక్క సీటాయన జేబులో రెండు కలాలున్నాయి. వెనకే టీచరమ్మ గంజితో దిగింది. ఇంతమంది సాయానికొస్తారని ఆయన అనుకోలేదు. కుర్చీలు సర్ది ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"మొదలుపెడదామా?" అన్నాడాయన.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ముందు ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది బావగారూ."

"ఏది?"

"విల్లు."

"దాన్ని చదవడమేంట్రా? వంచాలి."

ఆయన లోపలికి వెళ్ళి, తన ఎత్తున్న కొయ్యను రెండు చేతులమీదా పడుకోబెట్టి తీసుకొచ్చాడు. పక్క సీటాయన తెరిచిన కలానికి మూత పెట్టాడు. టీచరమ్మ గిన్నె కింద పెట్టింది.

"మరి పగులు?" అని అడిగిందావిడ నీరసంగా.

"ఇదిగో, ఇక్కడ. సన్నటిదే. మెల్లగా పట్టుకుంటే ఏం కాదు."

బావమరిదికి వచ్చిన ఉపశమనం ఇంతా అంతా కాదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇదా బావగారూ, ఇదా" అంటూ విల్లు లాక్కుని, దాని నడుముకు మోకాలు ఆనించి, ఉన్న సంతోషమంతా కొమ్ముల మీద చూపించాడు. ఫెళ్ళుమని చప్పుడైంది.

అదే క్షణంలో వీధి తలుపు తెరుచుకుంది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన ఆయన భార్య, చేతిలో సంచీతో గుమ్మంలో ఆగిపోయింది. తమ్ముడు నేలమీద మోకాళ్ళమీద ఉన్నాడు. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భర్త గోడకానుకుని, మొహంలో నెత్తురుచుక్క లేకుండా ఉన్నాడు. సంచీ జారి కింద పడింది.

"ఏమైంది?"

"విరిగిపోయింది" అన్నాడాయన.

"ఏది?"

"విల్లు. నీ విల్లు."

ఆవిడ తమ్ముడి చేతుల్లోని రెండు ముక్కల్నీ చూసింది. తమ్ముణ్ణి చూసింది. అతను లేచి, పక్క సీటాయన భుజం తట్టి, ఇద్దరూ ఇప్పుడే వస్తామన్నట్టు బయటికి నడిచారు. టీచరమ్మకు బట్టలు ఆరేసే పని గుర్తొచ్చింది.

"మీకు బాగోలేదన్నాడు వాడు" అంది ఆవిడ. గొంతు ఇంకా బస్సులోనే ఉంది.

"నాకేం, హాయిగా..." అని మొదలుపెట్టి ఆయన ఆగాడు. ఎన్ని నెలలుగానో నోటికి అలవాటైన మాట, ఎదురుగా మనిషి ఉండేసరికి పూర్తికాలేదు. "బాగోలేదు" అన్నాడు.

"ఏం బాగోలేదు?"

"ఏదీ బాగోలేదు. నువ్వు వచ్చెయ్యి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇప్పుడు చెబుతున్నారా? అక్క మోకాలు ఎప్పుడో బాగైంది. మెట్లెక్కుతోంది, దిగుతోంది, నామీద అరుస్తోంది కూడా. ఆయన రమ్మంటున్నారని చెప్పి వచ్చేద్దామని రోజూ ఫోన్ చేశాను. రోజూ హాయిగా ఉన్నానంటారు. నేను లేకపోతే అంత హాయిగా ఉందేమో అనుకున్నాను."

ఆవిడ విరిగిన ముక్కల్ని ఒడిలోకి తీసుకుంది. చార వెంట వేలు పోనిచ్చింది. అద్దంతో గీకి గీకి నున్నగా చేసిన చోట ఆగింది. పట్టుకునే చోట పిడికిలి బిగించింది. వేళ్ళు వాటి వాటి గుంటల్లో సరిగ్గా ఒదిగాయి, చిటికెన వేలు కాస్త పక్కకు వంగి ఉండే చోట కూడా.

"నా చేతి కొలత మీకెక్కడిది?"

"గుర్తుంది."

ఆవిడ చాలాసేపు పిడికిలి వదల్లేదు. ఆ తర్వాత, ఆయనకేసి చూడకుండానే, "ఇంకొకటి చెయ్యండి. ఈసారి కొయ్య నేను ఏరతాను" అంది. లేచి, మంచం మీదున్న కొయ్యపొట్టు దులిపింది.

సాయంత్రం అక్కగారు ఫోన్ చేసింది. ఆయన పక్కగదిలోనే ఉన్నాడు. "మరిదిగారు బాగానే ఉన్నారటగా, తమ్ముడు చెప్పాడు. ఎల్లుండికి వచ్చేస్తావా?" అని అడుగుతున్న అక్క గొంతు అక్కడిదాకా వినబడింది.

"ఎక్కడ బాగున్నారక్కా" అంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. "వాడికేం తెలుసు. మనిషి సగమైపోయారు. ఒక్క క్షణం వదిలి రావడానికి లేదు. ఇప్పట్లో తేలేలా కూడా లేదు."

పక్కగదిలో ఆయన, ఎవరూ అడక్కుండానే, రెండుసార్లు దగ్గాడు.