మెడపట్టీ ఉన్నదే జింక

లెచ్చుమి పస్తులున్నదంటే దానికి కారకుడు వై.బి. యోగేశ్వరన్. ఇందులో వాదనేమీ లేదు. అసెంబ్లీకి గెలిస్తే కోతులకు కడుపునిండా వడలు పెడతానని పార్కు వెనకున్న ఆంజనేయుడికి మొక్కుకున్నాడు. గెలిచాడు. పెట్టాడు. గెలిచినాయన మర్నాడే ఊరు వదిలి క్లాంగ్ పట్నంలో కాపురం పెట్టాడు గానీ, వడలు తిన్న కోతులు మాత్రం ఊరు వదల్లేదు.

లెచ్చుమి జింక. బంటింగ్ ఊరి జింకల పార్కులో ఉన్న జింకలన్నీ అదే. బోర్డు మీద బహువచనం గౌరవార్థం. మిగతావి ఎప్పుడో కంచె దూకి పామాయిల్ తోటల్లో కలిసిపోయాయి. దీన్ని కాపలాదారు కాంతయ్య పెళ్లాం నూకమ్మ సీసాపాలు పట్టి పెంచింది కనుక ఇది పోలేదు. తరవాత నూకమ్మే పోయింది.

కాంతయ్య రోజూ తొట్టిలో దాణా పోసి, లెచ్చుమి తిన్నంతసేపూ కర్ర పట్టుకుని పక్కన నిలబడేవాడు. కోతులు చెట్టు మీంచి ఆయన్ని తిట్టేవి. ఆయనా తిట్టేవాడు. ఏదో రోజు గడిచేది.

ప్రజాసేవకులకు అలా గడవడం గిట్టదు. వై.బి., అంటే ఇక్కడి లెక్కలో 'గౌరవనీయులు', పత్రికల వాళ్లను పిలిచి, పార్కు మధ్య నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని ప్రకటించాడు.

"మన జింకల నోటికాడ కూడు కోతులు లాక్కోవడం నేను చూస్తూ ఊరుకోను! ఇదిగో స్మార్ట్ తొట్టి. జింక మెడకో పట్టీ, పట్టీలో చిప్పు. పట్టీ దగ్గరికొస్తే తలుపు తెరుచుకుంటాది. కోతులకు నో ఎంట్రీ!"

ఎంత ముందుచూపు! కాంట్రాక్టు వై.బి. బావమరిది కిశోర్‌కుమార్‌కు దక్కింది. టెండరు వేసిన వాళ్లందరిలోకీ ఆయనదే తక్కువ. వేసింది ఆయనొక్కడే.

కాంతయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, నాను కర్రట్టుకుని నిలబడతన్నాను గదా. సాలదేటి?"

ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి వై.బి. నవ్వాడు. "తాతా, కర్ర పాతకాలం లా. కర్రకి డేటా ఏదీ?"

డేటా లేని కర్రను పార్కు ఆఫీసరు ఫెలీషియా స్వాధీనం చేసుకుని స్టోర్‌రూములో పెట్టి తాళం వేసింది. తొట్టి బయట మేత వెయ్యకూడదని హుకుం కూడా జారీచేసింది.

మర్నాడు కిశోర్‌కుమార్ అట్టపెట్టె నిండా పట్టీలు తెచ్చాడు. కాంతయ్య ఒకటి తీసి లెచ్చుమి మెడకు చుట్టబోయాడు. సగం దూరం కూడా రాలేదు.

"అందట్లేదు నాయనా."

"లూజు సెయ్యు తాతా."

"ఇదే లూజు."

కిశోర్‌కుమార్ జింక చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "మరేటి సేస్తాం, మీ జింక లావెక్కిపోనాది!"

"పెట్టె మీద పిల్లి బొమ్మున్నాదేటి?"

"అది కంపెనీ లోగో లా. నువ్వెందుకు అన్నీ సూస్తావు?"

ఫెలీషియా వచ్చి జింక మెడ చూసింది, పట్టీ చూసింది, టాబ్లెట్లో ఏదో నొక్కింది. "అంకుల్, జింక ఓవర్‌సైజ్. డైట్ పెట్టాలి."

"ఇప్పటికే మేత లేదు గదమ్మా. ఇంకేటి డైటు?"

"వెరీ గుడ్. అలాగే కంటిన్యూ చెయ్యండి. ప్రారంభోత్సవం రోజుకి పట్టీ పట్టకపోతే దీన్ని పార్కులో ఉంచడానికి లేదు. లారీ ఎక్కించి పంపించెయ్యాలి."

"ఏ ఊరు పంపుతారు?"

"అది సిస్టమ్‌లో ఇంకా రాలేదు అంకుల్."

ఆ వారమంతా లెచ్చుమి అద్దాల తొట్టి ముందు నిలబడి లోపలి దాణాను చూసేది. కాంతయ్య మోటారుసైకిలు డబ్బాలో కర్రపెండలం ఆకు దాచి తెచ్చి, మరుగుదొడ్ల వెనకాల పెట్టేవాడు. నూకమ్మ ఉంటే వై.బి.ని ఏమనేదో ఆయనకు తెలుసు. పైకి అనలేదు. ఉద్యోగం ఊడితే ఆ ఆకు కూడా ఉండదు.

ఈలోగా కిశోర్‌కుమార్ పట్టీల పెట్టెను బెంచీ మీద వదిలేసి తేతారిక్ టీ తాగడానికి వెళ్లాడు. వచ్చేసరికి పెట్టె ఖాళీ. నిజాయితీపరుడు కనుక ఆఫీసుకు వెంటనే కబురు పెట్టాడు: పట్టీల పంపిణీ పూర్తయింది.

ప్రారంభోత్సవానికి పందిరి వేశారు, మేళం పెట్టారు. వై.బి. రిబ్బను కత్తిరించాడు. ఫెలీషియా టాబ్లెట్ చూసి సంబరంగా అరిచింది. "వై.బి.! జింక వస్తోంది! ఆడజింక!"

అందరూ పొదల వైపు చూశారు. జింక చెట్టు మీంచి దిగింది. తోక ఎత్తుకుని, మెడలో నీలం పట్టీతో నడిచొచ్చి తొట్టి ముందు కూర్చుంది. టింగుమని తలుపు తెరుచుకుంది.

మేళం ఆగిపోయింది. వై.బి. ఆ జంతువును చూశాడు. తరవాత ఫెలీషియా చెవి దగ్గర వంగాడు. "ఇది జింకేనా?"

"సిస్టమ్‌లో జింకే, వై.బి."

గొప్ప నాయకుడికి క్షణం చాలు. మెడలోని పూలదండ తీసి జింకకు వేశాడు. జింక రెండు చేతులా దండ పట్టుకుని పూలు తినసాగింది. దాని వెనకే చెట్ల మీంచి మరికొన్ని జింకలు దూకాయి. టింగు, టింగు, టింగు.

"సూసినారా!" వై.బి. మైకు అందుకున్నాడు. "నేనొచ్చేనాటికి ఈ పార్కులో ఒక్కటే జింక. ఇప్పుడు లెక్కపెట్టండి!"

చప్పట్లు మోగాయి. వాటిని మించి, పట్టీ లేని జంతువొచ్చిందని సైరన్ మోగింది. తొట్టి మీద ఎర్రదీపం గిర్రున తిరిగింది. దాణా వాసనకు లెచ్చుమి వచ్చి, తొట్టిలో మూతి పెట్టబోయింది. జింకలు పళ్లికిలించి దాని మీదికి దూకాయి. కాంతయ్య అడ్డం పడి, చేతిలో కర్ర లేక చెప్పుతోనే వాటిని తోలాడు.

"అంకుల్! జింకల్ని కొట్టకండి!" ఫెలీషియా పరుగెత్తుకొచ్చింది. లెచ్చుమి వైపు టాబ్లెట్ చూపించింది. "దీనికి పట్టీ ఇల్లే, లేనే లేదు. సిస్టమ్‌లో ఇల్లే. ఏంటిది? ఏ జంతువు?"

కెమెరాలు తిరిగాయి. వై.బి. కాంతయ్య వంక చూశాడు. గేటు దగ్గర లారీ ఇంజను ఆడుతోంది. కాంతయ్య లెచ్చుమి వీపు మీద చెయ్యి వేశాడు. పక్కటెముకలు తగిలాయి.

"కోతి గదమ్మా," అన్నాడు.

వై.బి. వైపు తిరిగాడు.

"మాయదారి కోతి. కోతులకి నో ఎంట్రీ అన్నారు గదా అయ్యా. బయటికి తోలీమంటారా?"

వై.బి. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "తోలెయ్యి తాతా! రూలంటే రూలే. మన పార్కులో ఇక కోతి అన్నది కనబడకూడదు!"

చప్పట్ల మధ్య పార్కులోని ఆఖరి కోతిని మెడకు తువ్వాలు కట్టి, లారీ పక్కనుంచే కాంతయ్య ఇంటికి నడిపించుకుపోయాడు. ఆ ఉద్యోగం మొహం మళ్లీ చూడలేదు.

పార్కుకు ఆ ఏడాది అవార్డు వచ్చింది. బంటింగ్ జింకలు చెట్లెక్కడం నేర్చాయని పత్రికలు రాశాయి. ఒక యూనివర్సిటీ వాళ్లు దాని మీద పరిశోధన మొదలుపెట్టి, పాత కాపలాదారు అనుభవం కావాలని వ్యాను వేసుకుని కాంతయ్య ఇంటికొచ్చారు. పెరట్లో లెచ్చుమి కర్రపెండలం ఆకు నములుతోంది. అందులో పెద్దాయన దాన్ని చూసి కళ్లద్దాలు తుడుచుకుని, ముందు తన ప్రశ్న అడిగాడు. "అయ్యా, జింకలు మొట్టమొదట ఏ చెట్టెక్కినాయి?"

కాంతయ్య ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"ఆ పార్కు ఊసు నా గుమ్మంలో ఎత్తకండి," అని తలుపు వేసుకున్నాడు. ఆ తరవాత ఎవరు అడిగినా అది కూడా చెప్పలేదు.