దోబ్రివోయె పంపిన మట్టి

చదరంగం బల్ల దగ్గర ఆరు గంటలు కూర్చున్నా దోబ్రివోయెకు నడుం నొప్పి వచ్చేది కాదు. భార్య విదోసవ పెరడు తవ్వి మిరప వేద్దామంటే మాత్రం వెంటనే వచ్చేది.

ఆ వసంతంలో విశ్వవిద్యాలయం వాళ్ళు పట్నంలోని పెరటి మట్టిని ఉచితంగా పరీక్షిస్తామన్నారు. దోబ్రివోయెకు ఉపాయం తట్టింది. ముప్పయ్యేళ్ళు తాను పాత కారు బ్యాటరీలు విప్పిన రేకుల షెడ్డులోంచి డబ్బాడు మట్టి తీశాడు. దాని మీద ‘పెరడు’ అని చీటీ అంటించి పంపాడు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. సీసం ఉండాల్సినదానికి నలభై రెట్లు. ఆయన చావు కబురు తెచ్చినవాడిలా మొహం పెట్టాడు. ఇదంతా పట్నం చేసిన పాపమనీ, మిరపకాయలు బజార్లో కొనుక్కోవడమే మేలనీ భార్యను ఓదార్చాడు. ఓదార్చి చదరంగానికి వెళ్ళబోయాడు.

గుమ్మంలో మట్టి శాస్త్రవేత్త డాక్టర్ యస్నా నిలబడి ఉంది. అంత సీసం చూసి కంగారుపడి వచ్చిందట. విదోసవ ఇచ్చిన కాఫీ తాగి, మట్టిలోని లోహాలను కనిపెట్టే తుపాకీలాంటి యంత్రాన్ని పెరట్లో పదిచోట్ల నేలకు ఆనించింది.

“నికెల్, క్రోమియం కాస్త ఎక్కువే. కానీ అవి మనుషులు తెచ్చినవి కావు, మీ ఇంటి వెనకున్న ఆ కొండరాయి అరిగి వచ్చినవి. చూరు కింద ఉన్న జింకు మీ ఇంటి రేకులది. సీసం మాత్రం ఇక్కడ పెద్దగా లేదమ్మా. మీరు పంపిన మట్టిలో సీసం, యాంటిమొనీ రెండూ ఉన్నాయి. అవి బ్యాటరీల నుంచి వచ్చేవి. ఇంతకీ ఆ మట్టి ఎక్కడిది?”

విదోసవ మొగుడి వైపు చూసింది. మొగుడు కొండ వైపు చూశాడు.

అప్పుడే నాలుగేళ్ళ మనవరాలు మిలునికా చిన్న బకెట్టుతో షెడ్డులోంచి బయటికొచ్చింది. బకెట్టులో మట్టి రొట్టెలు. దోబ్రివోయె ఒక్క ఉరుకున వెళ్ళి బకెట్టు లాక్కున్నాడు. ఎవరూ అడక్కుండానే అంతా చెప్పేశాడు.

పిల్లకు రక్తపరీక్ష చేయించారు. మూడు రోజులు ఆయన రొట్టె ముట్టలేదు. భయం లేదని తెలిశాక ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు. విదోసవ తిడదామనుకున్నవన్నీ మింగి పక్కన కూర్చుంది.

తర్వాత మూతికి ముసుగు కట్టుకుని, షెడ్డు నేలను మోకాలిలోతు తవ్వి, నగరపాలిక వాళ్ళిచ్చిన అరవై మూడు సంచులు నింపాడు. అది అయ్యాక పెరడూ తవ్వాడు.

శరదృతువులో చలికాలం పచ్చడి కోసం పెరట్లో మిరపకాయలు కాలుస్తుంటే డాక్టర్ యస్నా వచ్చింది. వచ్చే ఏడు వీధి మొత్తం మట్టి పరీక్షించాలనీ, తవ్వి ఇచ్చే మనిషి దొరకడం లేదనీ చెప్పింది.

“మా ఆయన పేరు రాసుకోండి. ఏ మట్టికి ఏ చీటీ అంటించాలో ఇప్పుడు బాగా తెలుసు,” అంది విదోసవ.

డాక్టర్ సంచిలో పెన్ను వెతుక్కుంది. దొరకలేదు. దోబ్రివోయె తల వంచుకుని, జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.