మే నెల సరస్సు

ఆ రోజు పొద్దున ప్రూఫురీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రెస్సుకు వెళ్లాలి, టూరు కంపెనీవాళ్ల క్యాలెండరులో ఫొటోల కింద పేర్లు వేయించాలి, సాయంత్రానికల్లా ప్రూఫు యజమాని బల్ల మీద పెట్టాలి. పదకొండు నెలలుగా అతను తాత్కాలిక ఉద్యోగి. ఒకటో తారీకున ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇస్తానని యజమాని మాటిచ్చాడు. కాగితం వచ్చేసిందని అతని భార్య వాళ్లమ్మకు అప్పుడే చెప్పేసింది కూడా.

టూరు కంపెనీ నుంచి పన్నెండు ఫొటోలూ, పైన ‘పేర్ల గురించి’ అని రాసి అంటించిన ఒక కవరూ వచ్చాయి. అతను కవరును పక్కనున్న కాగితాల దొంతర మీద పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి దొంతర లేదు. కటింగ్ మిషన్ నడిపే ఆయన దాన్ని ఎత్తుకెళ్లి, కవరుతో సహా విజిటింగ్ కార్డుల సైజుకు కోసేశాడు. కవరు ముక్కలు చిత్తుకాగితాల బండెక్కి వెళ్లిపోయాయి.

యజమానికి ఈ సంగతి చెప్పే ధైర్యం ప్రూఫురీడరుకు లేదు. యజమాని అరిచే మనిషి కాడు. అరిస్తేనే నయమని ప్రెస్సులో అందరూ అనుకునేవారు. ఆయనకు కోపం వస్తే కళ్లజోడు తీసి బల్ల మీద పెడతాడు, అంతే. కిందటేడు పేజీలు తలకిందులుగా కుట్టిన బైండరు ముందు ఒక్కసారి అలా తీశాడు. ఆ బైండరు ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

పేర్లు మళ్లీ రాసి పంపమని టూరు కంపెనీ మేనేజరునే అడగవచ్చు. కాని ఆయనా యజమానీ రోజూ పొద్దున్నే కలిసి నడకకు వెళ్తారు. అడిగిన సంగతి మర్నాడు మొదటి మలుపు తిరిగేలోగా యజమాని చెవిన పడుతుంది. అందుకని ప్రూఫురీడరు కడుపునొప్పని చెప్పి ఒక రోజు గడువు అడిగాడు. ఫొటోలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. దారి పొడవునా కడుపు నిజంగానే నొప్పెట్టింది.

పిరమిడ్లనూ వంగిన గోపురాన్నీ భార్య చూడగానే చెప్పేసింది. మరికొన్నిటి సంగతి ఫోను చెప్పింది. సాయంత్రమయ్యేసరికి పదకొండు తేలాయి. మే నెల ఫొటో ఒక్కటే మిగిలిపోయింది. అందులో నీలం నీళ్లు, ఒడ్డున తెల్లటి గుమ్మటం, దాని పక్కన ఒక నల్ల మేక ఉన్నాయి. ఫోనులో ఎన్నిసార్లు వెతికినా స్నానాలగది టైల్సు ప్రకటనే వస్తోంది.

భార్య వెంటనే తన తమ్ముణ్ణి పిలిపించింది. ఆ బావమరిదికి బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర ఉద్యోగం. ఏ ఊరికి ఏ బస్సెక్కాలో పొద్దస్తమానం చెబుతూనే ఉంటాడు గాని, తానుగా ఏ ఊరూ వెళ్లినవాడు కాడు. ‘తెలియదు’ అన్న మాట మాత్రం ఆ కిటికీలోంచి ఇంతవరకు బయటికి రాలేదు.

అతను ఫొటోను చెయ్యి చాచి పట్టుకుని చూశాడు. "మేకకు ఎంత బొచ్చుందో చూడు బావా. అంటే చలి ప్రదేశం. నీళ్లేమో నీలం. ఇది నీలాంబరి సరస్సు, రాసుకో."

"నువ్వెప్పుడైనా చూశావా?"

"నేను చూడక్కర్లేదు. రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు."

అంత గట్టిగా చెప్పే మనిషిని అనుమానించే ఓపిక ప్రూఫురీడరుకు అప్పుడు లేదు. రాసేసుకున్నాడు.

మర్నాడు యజమాని ప్రూఫు చూస్తుంటే అతను ఎదురుగా నిలబడ్డాడు. యజమాని వేలు నాలుగు నెలలు దాటి మే దగ్గర ఆగింది. ఇదెక్కడుందని అడుగుతూ ఆయన చెయ్యి కళ్లజోడు వైపు లేచింది. కొండల్లో ఉందని ప్రూఫురీడరు చెప్పాడు. చెయ్యి ఆగింది. ఎలా వెళ్లాలంటూ మళ్లీ లేచింది. బస్సులోనని, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగవచ్చని చెప్పాడు. ఈసారి వేళ్లు కళ్లజోడు కాడను పట్టుకున్నాయి.

"నువ్వు చూశావా?"

"మూడుసార్లు వెళ్లాను సార్," అన్నాడు ప్రూఫురీడరు. ఒక్కసారని చెబితే సరిపోయేదే. భయం లెక్క చూసుకోనివ్వలేదు. చెయ్యి కిందికి దిగింది, క్యాలెండరు అచ్చుకెళ్లింది.

మూడు వారాలు గడిచాయి. రేపు ఒకటో తారీకనగా యజమాని గదిలోంచి పిలుపొచ్చింది. లోపల టూరు కంపెనీ మేనేజరు మే నెల పేజీ తెరిచి పట్టుకుని కూర్చున్నాడు. యజమాని కళ్లజోడు అప్పటికే బల్ల మీద ఉంది.

ప్రూఫురీడరుకు ముందుగా అత్తగారికి ఏం చెప్పాలా అన్న ఆలోచన వచ్చింది. తప్పు ఒప్పేసుకుందామని, "సార్, ఆ కవరు..." అన్నాడు.

"నేనూ ఆ కవరు గురించే చెబుతున్నాను," అన్నాడు మేనేజరు. "ఈ ఫొటోలు ఎక్కడివో మాకు తెలియదు, మీకు తెలిస్తే వేయండి, లేకపోతే పేర్లు లేకుండా వదిలేయండి అని అందులో రాశాం. మీరు పన్నెండూ చెప్పేశారంటే మామూలు విషయం కాదు."

ప్రూఫురీడరుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అయితే ఆ కవరు కోసం ఇన్నాళ్లు చచ్చిన చావంతా ఉత్తదేనన్నమాట. పోయిన ప్రాణం లేచొచ్చి ఒంట్లో సర్దుకుంటుండగా మేనేజరు అసలు సంగతికి వచ్చాడు.

"క్యాలెండరు చూసి నలభైమంది నీలాంబరి సరస్సుకు టికెట్లు కొనేశారు. మా డ్రైవర్లలో ఒక్కడికీ దారి తెలియదు. మీరు మూడుసార్లు వెళ్లారట కదా. శనివారం బస్సులో ముందు సీటు మీదే."

యజమాని జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. అద్దాలు మసకగా ఉన్నాయని తీసినట్టున్నాడు. సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు.

"ఇది నీ ఉద్యోగం కాగితం. సంతకం కూడా పెట్టేశాను. తిరిగొచ్చాక తీసుకుందువుగాని. నేనూ మా ఆవిడా కూడా వస్తున్నాం." కాగితాన్ని మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ప్రూఫురీడరు అట్నుంచి అటే బస్టాండుకు పరుగెత్తాడు. ఎంక్వయిరీ కిటికీ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. మొదటివాడి చేతిలో మే నెల పేజీ ఉంది. నీలాంబరి సరస్సు బస్సెక్కడ ఆగుతుందని అడుగుతున్నాడు. బావమరిది తల ఎత్తకుండా ఐదో నంబరు ప్లాట్‌ఫాం అని చెప్పి పంపించాడు.

తన వంతు రాగానే ప్రూఫురీడరు కిటికీకి ముఖం ఆనించాడు. "ఐదో నంబరులో ఏ బస్సుంది?" అన్నాడు.

"ఏదీ లేదు బావా. బెంచీలున్నాయి. కాసేపు కూర్చుంటారు," అన్నాడు బావమరిది. "రోజూ అడుగుతూనే ఉంటారని నీకు చెప్పానా, లేదా?"

ప్రూఫురీడరు శనివారం బస్సు సంగతి, నలభైమంది సంగతి, తాళం వేసిన సొరుగు సంగతి కిటికీ ఊచలు పట్టుకుని చెప్పుకొచ్చాడు. బావమరిది మొదటిసారి తల ఎత్తి, ఆ బస్సులో తనకూ ఒక సీటు ఉంచమన్నాడు. ఇంతమందికి దారి చెప్పాడు గాని, ఆ సరస్సు తానింకా చూడలేదట.