సైదమ్మ బొంత సంగ్రామం

నిజాం సిక్కా పెట్టెల అడుగుకు చేరి, కొత్త పైసా బజారుకెక్కిన హేవిళంబి నామ సంవత్సరంలో, శ్రావణ మాసంలో, భానుమంతుడు మబ్బుల గొంగడి ముసుగుతన్ని మోత్కూరు వైపు కన్నెత్తి చూడటమే మానుకున్న ఒక ముసురు వేళ, గొర్లదొడ్డికి ఆనుకుని ఉన్న గూనపెంకల ఇంట, మేషయూథనాథుడైన గుర్వయ్యకు ముద్దుల కూతురు, మర్రిగూడ వాస్తవ్యుడైన జానయ్యకు ధర్మపత్ని, తొలిచూలు బాలింత, సూచీసమరోత్సాహిని అయిన సైదమ్మ ఒక చేత సూదిని, ఒక చేత దారపుండను ధరించి చాపమీద వీరాసనం వేసింది. ఆమె ముందర రాబోయే ఏడాది మొత్తం పరిచి ఉంది.

ఆ ఏడాది పాత బట్టల కుప్పల రూపంలో ఉంది. వాడంతా తిరిగి అడిగి తెచ్చిన చీరముక్కలు, ధోతులు, తలపాగాలు గోడ పొడుగునా కుప్పలై, యుద్ధసన్నద్ధ చతురంగ బలాల వలె నిలిచి ఉన్నాయి. ప్రతి కుప్పకూ ఒక పండుగ పేరు పెట్టింది. బతుకమ్మ కుప్పలో కుచ్చుల గౌను దాగి ఉంది. దీపావళి కుప్పలో చెవులు మూసే కుల్లాయి. చలికి నిండు చేతుల అంగీ, శివరాత్రికి ఆవాల దిండు, రంగులాడే కామని పున్నానికి లాగు, ఉగాదికి తొట్టెలకు కొత్త గుడ్డ. వీటన్నిటికీ చక్రవర్తి వలె మధ్యన తల్లి పుల్లమ్మ పెండ్లినాటి ముదురెరుపు చీర. అది బొంతకు. మొదటి యుద్ధం బొంతదే.

ఇంతటి వ్యూహం ఒక్కనాటిలో పుట్టింది కాదు. బిడ్డ పుట్టకముందు బిడ్డకు బట్టలు కుట్టరాదని అందరూ ఆపారు. పుట్టాక, బాలింత సూది పడితే కంటినరాలు గుంజుతాయని పుల్లమ్మ సూదిని ఉట్టిలో దాచింది. సూది ముట్టని చేతికి అసాధ్యమంటూ ఏముంటుంది? సైదమ్మ పండుకున్నచోటనే గౌన్లకు కుచ్చులు పెట్టింది. కళ్లు మూసుకుని అంచులకు నెమళ్లు కుట్టింది. తన బిడ్డను చూసి జనం కుట్టు ఎవరిదని అడుగుతున్నట్టు, తాను తల వంచుకుని వినయంగా నవ్వుతున్నట్టు ఊహించుకుని నిజంగానే తల వంచుకునేది. అది చూసి తల్లి మెడ పట్టిందేమోనని నూనె రాసింది.

అసలు చరిత్ర వేరు. నిరుడు ఆ వీరాంగన మగని అంగీకి జేబు కుట్టబోయి జేబు నోటిని కూడా కలిపి కుట్టేసింది. జానయ్య బీడీకట్ట పెట్టుకోబోతే జేబు కనబడుతుంది గాని తెరుచుకోదు. పాపం అతడు ఏమీ అనలేదు. బీడీలు చెవిమీద పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. అన్నదల్లా అతని వదిన, సైదమ్మకు యారాలు, సుగుణమ్మ. సుగుణమ్మ కుట్టిన బొంత మర్రిగూడలో ముగ్గురు పిల్లల్ని మోసి నాలుగో పిల్లకు కూడా గట్టిగానే ఉంది. సైదమ్మ కాన్పుకు తల్లిగారింటికి బయలుదేరిన నాడు, ఆ సూచీసామ్రాజ్ఞి దర్వాజకు ఆనుకుని నవ్వింది.

"నీ బిడ్డకు బొంత ఫికర్ వెట్టుకోకు పిల్లా. నాదే పరుస్త. నీ కుట్టు మీద పండవెడితే పసిగుడ్డు కిందికెళ్లి జారుతది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జానయ్య కూడా నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు సైదమ్మ గుండెలో దిగబడింది. అప్పుడామె అంతరంగమున ఇట్లు గర్జించెను: "ఓసీ దర్పాంధురాలా, వినుము. నా గర్భస్థ శిశువు నీ గడప తొక్కునాడు నా స్వహస్తస్యూత కంథాతలమున శయనించియే తొక్కును. తొక్కనినాడు ఈ సైదమ్మ సూదిని మరల ముట్టదు." పైకి మాత్రం, "చూద్దాంతియ్యి అక్కా," అన్నది. కానీ మాట నోట్లోంచి వచ్చినా రాకపోయినా ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.

ఇప్పుడు కబురు వచ్చింది. రేపు పొద్దున బస్సుకు జానయ్య, సుగుణమ్మ బిడ్డనూ తల్లినీ తీసుకుపోవడానికి వస్తున్నారు. బొంత ఈరోజే కావాలి. ఉట్టిలోంచి సూది దిగింది. సైదమ్మ దారం కొనను నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి, సూది బెజ్జానికి గురిపెట్టింది.

సరిగ్గా అప్పుడే తొట్టెలలో శత్రువు మేల్కొన్నది.

ఆ శత్రువు నిడివి మూరెడు. ఆయుధాలు రెండు. మొదటిది కంఠం. అది మ్రోగితే దొడ్డిలో పొట్టేళ్లు సైతం నెమరు ఆపేవి. రెండోది వర్ణించ వీలులేనిది, వారించ వీలులేనిది, అహోరాత్ర ప్రయోగశీలమైనది. మామూలు రోజుల్లో ఆ రెండో అస్త్రానికి విరుగుడు ఎండ. తడిసిన పొత్తిగుడ్డ దండెమెక్కేది, ఆరేది, తిరిగి కొలువుకు వచ్చేది. కానీ ముసురు పట్టి సూర్యుడు యుద్ధభూమి వదిలి పారిపోయాడు. దండెం మీద గుడ్డలు పరాజిత సైనికుల వలె వేలాడుతూ నీళ్లు కార్చుకుంటున్నాయి.

పుల్లమ్మ ఒక్కొక్క గుడ్డనూ పిండి చూసి పెదవి విరిచింది. ఆరిన గుడ్డ లేదని, ఆ కుప్పల్లోంచి ఒకటి ఇమ్మని అడిగింది.

సైదమ్మ సేనాపతిలా ఆలోచించింది. ఎట్లా చూసినా ఉగాది చాలా దూరంలో ఉంది. ఉగాదిని ఇచ్చింది. పాలిచ్చి, బిడ్డను ఊపి, మళ్లీ దారం కొన తడిపేసరికి ఉగాది తడిసిపోయింది. కామని పున్నం వెళ్లింది. అదీ ఒక పూట నిలవలేదు. సైదమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా శివరాత్రి కూలింది. చలికాలం మీద ఆమె గట్టి ఆశ పెట్టుకుంది. మందం బట్ట, రెండు పొరలు. అది కాసేపు పోరాడి, నడుమ వెచ్చగా నల్లబడి, అదీ దండెమెక్కింది. దీపావళి కుల్లాయి కావాల్సిన గుడ్డ తలకెక్కకుండానే నడుముకు చుట్టుకుని వీరమరణం పొందింది. గొర్లను దొడ్డిలో తోలి గుర్వయ్య ఇంటికి వచ్చేసరికి బతుకమ్మ కూడా తడిసి మూలకు చేరింది. ఒక్క మధ్యాహ్నంలో ఆమె ఏడాది అయిపోయింది. సూదిలో దారం ఇంకా ఎక్కలేదు.

మిగిలింది ఎర్రచీర ఒక్కటే. దాన్ని నాలుగు మడతలు వేసి చాపమీద సమంగా పరిచి, ముడతలు అరచేత్తో తుడిచి, కాళ్లు తిమ్మిరెక్కాయని సైదమ్మ లేచి బయట ముఖం కడుక్కొచ్చింది. వచ్చేసరికి చీర నట్టనడుమ, ఇందిరాదేవి పద్మాసనంలో వలె, శత్రువు వెల్లకిలా పండుకుని గుప్పిళ్లు ఊపుతూ నవ్వుతున్నది. దాని కింద ఎరుపు మెల్లగా ముదురుతున్నది.

"మెత్తగున్నదని పండవెట్టిన బిడ్డా," అన్నది పుల్లమ్మ. "నాకేమెరుక?"

అంతట సైదమ్మ, "హా జననీ, కోట తలుపు నీవే తెరిచితివే, ఇక నేనే దిక్కున పోదును," అని రోదించెను. అయితే ఆ రోదనమంతా గొంతు కిందనే జరిగింది. పైకి, "పోనీతియ్యమ్మా," అని, బిడ్డను ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లముందు సుగుణమ్మ బొంత పరుచుకుంటున్నది. దానిమీద తన బిడ్డ. చుట్టూ నవ్వులు. ముసురుపట్టిందని చెబితే సరిపోతుందని తల్లి ఓదార్చింది. ముసురు మీద నెపం పెట్టిన వీరుడు ఏ కథలోనైనా ఉన్నాడా? తాను పన్నిన మహావ్యూహం తలుచుకుంటే సైదమ్మకే నవ్వొచ్చింది. నెమళ్ల అంచులట. సూదిలో దారం ఎక్కించలేనిదానికి నెమళ్లు.

ఆ నవ్వు మొగం మీద ఉండగానే ఆమె చూపు పొయ్యిమూలకు పోయింది. ఇక ఎండ రాదని పుల్లమ్మ కుంపటి మీద గంప బోర్లించి, దండెం మీది గుడ్డలన్నీ దానిమీద ఆరబెట్టి, పొగవాసన పట్టిన వాటిని ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నది. ఉగాది మీద శివరాత్రి. శివరాత్రి మీద దీపావళి. ఆ దొంతర బెత్తెడెత్తు లేచింది. దానిమీద పిల్లి ఎక్కి, చుట్టుకుని, హాయిగా కళ్లు మూసింది.

సైదమ్మ వెన్ను నిటారైంది. బొంత అంటే ఏమిటి? పాత గుడ్డల పొరలే కదా.

పిల్లి ఎగిరి దూకింది. గుడ్డలన్నీ చాపమీద పడ్డాయి. ఎర్రచీరను గంపమీద అటూ ఇటూ తిప్పి ఆరబెట్టి పైపొరగా వేసింది. అన్ని పొరల్లో సన్నసూది దిగలేక వంగిపోయింది. అప్పుడు గుర్వయ్య, గొంగళ్లకు అంచులు కుట్టే దబ్బనాన్ని చూరులోంచి తీసి, పరశురాముడు విల్లును ఇచ్చినంత గంభీరంగా కూతురి చేతికిచ్చాడు. నల్లటి ఉన్నిదారం ఇచ్చాడు. దబ్బనం బెజ్జం పెద్దది. దారం ఒక్కసారికే ఎక్కింది. ఆ రోజుకు అది మొదటి జయం.

ఆపైన జరిగిన ఘోరాన్ని వర్ణించడం కష్టం. దబ్బనం గుచ్చడం, అవతల గుంజడం, వేలికి దిగితే నోట్లో పెట్టుకోవడం, శత్రువు కేకకు పాలివ్వడం, మళ్లీ గుచ్చడం. కుట్టు తిన్నగా పోలేదు. మేత వెతుక్కుంటూ గుట్ట ఎక్కే గొర్ల బాటలా ఒకచోట కిందికి, ఒకచోట పక్కకు పోయి, మధ్యలో ఎందుకో తనచుట్టూ తానే తిరిగి వచ్చింది. నడిరాత్రికి రెండంచులు లొంగాయి. తెల్లవారేసరికి మూడోది లొంగింది. నాలుగో అంచు మీద దబ్బనం ఎత్తేసరికి వాకిట్లో జానయ్య గొంతు వినిపించింది. సైదమ్మ ఆ కుట్టని అంచును గోడవైపు తిప్పి పరిచింది. బొంత నాలుగు వైపులా కుట్టినట్టే కనిపించింది. యుద్ధనీతిలో దీన్ని ఏమంటారో ఆమెకు తెలియదు.

వానకు తలమీద కప్పుకున్న గొంగళ్లు దులుపుకుంటూ ఇద్దరూ లోపలికి వచ్చారు. సుగుణమ్మ పోచంపల్లి చీర కట్టుకుని వచ్చింది. మడత విప్పడం అదే మొదలని రాగానే చెప్పింది కూడా. అత్తకు మోకాళ్లు పట్టేసి రాలేకపోయిందని, పోరిని చూడాలని ఒకటే పలవరింత అని చెబుతూ చేతులు చాచింది.

పుల్లమ్మ బిడ్డను అందుకుని, బొంతమీద పండబెట్టి, తడిగుడ్డ విప్పి, ఆరినదాని కోసం మూలకు చూసింది. మూల బోసిగా ఉంది. దండెం బోసిగా ఉంది. గంప కూడా బోసిగానే ఉంది. ఆమె కూతురి చెవిలో గొణిగింది.

"పొత్తిగుడ్డలేవే?"

సైదమ్మ బొంత వంక చూసింది.

"అన్ని అండ్లనే ఉన్నయమ్మా."

విజయోన్మాదంలో సేనాని తన రాజ్యంలోని ఆఖరి డాలును కూడా కరిగించి శిఖరానికి కలశం చేయించుకున్నట్టయింది. ఇంట్లో జానెడు పొడిగుడ్డ లేదు. శత్రువు నిరావరణ. ఇప్పుడే కడుపునిండా తాగి ఉన్నది. ఈలోగా సుగుణమ్మ బొంతతో సహా బిడ్డను ఎత్తి, పోచంపల్లి చీర కట్టిన తన ఒడిలో పెట్టుకున్నది.

"గిది నువ్వే కుట్టినవా?" అన్నది, ఒక కుట్టు వెంట వేలు నడిపిస్తూ. వేలు కిందికి పోయింది, పక్కకు పోయింది, గుండ్రంగా తిరిగింది. "గిదేంది, తొవ్వ దప్పిందా?"

జానయ్య ఈసారి దగ్గలేదు. అతడు కూడా కుట్టునే చూస్తున్నాడు. తన అంగీ జేబు జ్ఞాపకం వచ్చిందేమో, చెయ్యి చెవిమీది బీడీకి పోయింది.

అప్పుడు బిడ్డ కదలిక ఆగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. చూపు ఎక్కడో దూరాన, లోకాలకు అవతల నిలిచింది. తల్లులకు మాత్రమే తెలిసే ఆ ధ్యానముద్రను సైదమ్మ గుర్తుపట్టింది. పుల్లమ్మ గుర్తుపట్టింది. నలుగురిని పెంచిన సుగుణమ్మ కూడా గుర్తుపట్టింది, కాని లేవడానికి వ్యవధి లేదు.

అస్త్రం వెడలింది. ఎర్రచీర నడుమ నల్లని మడుగు పుట్టి, విస్తరించి, నిలిచింది.

చూరునుంచి నీళ్లు కారే చప్పుడు వినిపిస్తున్నది. సుగుణమ్మ బిడ్డను పుల్లమ్మ చేతికిచ్చి, బొంతను మెల్లగా ఎత్తింది. కింద చేయి పెట్టింది. చీరను తడిమింది. ముందుకు తడిమింది, పక్కలకు తడిమింది. చెంగు పైకెత్తి వెలుతురుకు పట్టి చూసింది. పోచంపల్లి రంగులు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఆమె బొంత అంచును వేళ్లమధ్య నలిపి మందం చూసింది.

"ఎన్ని పొరలేసినవే దీన్ల?"

"ఏడాదంత ఏసిన అక్కా," అన్నది సైదమ్మ.

సుగుణమ్మ బొంతను తడిభాగం లోపలికి వచ్చేలా మడిచి, ఎవరికీ ఇవ్వకుండా తన సంకలోనే పెట్టుకున్నది.

"కుట్టు మాత్రం వంకర," అన్నది. "పోరిని గిండ్లనే చుట్టుకోని పోదాం. బస్సుల నేనే వట్టుకుంట."

ఇట్లు ఉగాది, శివరాత్రి, దీపావళి ప్రముఖ పర్వదినములు నేలకూలినను, గౌను గౌను గాకయు, కుల్లాయి కుల్లాయి గాకయు, నాలుగవ అంచు నేటికిని కుట్టబడకయు ఉండినను, ఆ ముసురునాడు మోత్కూరు సీమయందు సైదమ్మ మహాసంగ్రామమొనర్చి, ఒక యారాలి ఒడిలో జానెడు చీరను పొడిగా నిలిపెను. ఈ విజయగాథను విన్నవారి దండెముల మీది గుడ్డలు ముసురులోనూ ఆరుగాక.