ఢిల్లీకన్నా దూరం ఆత్మకూరు

ఉదయగిరిలో చిల్లర అంగడి నడిపే కామయ్యకు అత్తగారి ఊరు ఆత్మకూరంటే పడదు. ఆ ఊరు చేసిన పాపం ఏమీ లేదు. భార్య రామలక్ష్మమ్మ నెలనెలా అక్కడికి పోయి రెండు రోజులుంటుంది. ఆ రెండు రోజులూ కామయ్య తన వంట తనే తినాలి. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కోర్టులోనూ వెయ్యరు.

ఒకనాడు పొట్లాలకు తెచ్చిన పాత పేపరులో అతనికి దారి దొరికింది. మద్రాసు నుంచి ఢిల్లీ వెయ్యి మైళ్ల పైచిలుకట. విమానం ఏడు గంటల్లో దించేస్తుందట.

“మీ ఆత్మకూరు ఢిల్లీకన్నా దూరం ఉండాదే” అన్నాడు భార్యతో.

“నలభై మైళ్లే గదా.”

“మైళ్లెవరు చూస్తారిప్పుడు? గంటలే లెక్క. మన బొగ్గు బస్సుకు ఏడు గంటలు దాటితే నెలనెలా పోయేది మానుకుంటావా?”

“మానుకుంటా. మీరూ రండి, గడియారం పట్టుకొని.”

ఇంత సులువుగా ఒప్పుకుందేమని కామయ్య ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు అతనికి పెళ్లికి ముందూ లేదు.

బస్సు మామూలుగా నాలుగు గంటల్లో పోతుంది. అందుకని డ్రైవరు మస్తానయ్యను ముందురోజే టీ ఇప్పించి మంచి చేసుకున్నాడు. దారిలో దుత్తలూరు దగ్గర బస్సు ఆగగానే దోసెలు తెప్పించాడు. ఎనిమిది దోసెలు తిన్న మస్తానయ్య బస్సు కిందికి దూరి నిద్రపోయాడు.

అప్పుడే కామయ్య ఒళ్లోని అలారం గడియారం మోగింది. డ్రైవరు లేస్తాడన్న భయంతో దాన్ని కండువాలో చుట్టి, దాని మీద కూర్చున్నాడు. కింద అది గిజగిజ కొట్టుకుంటుంటే, పక్కసీటు ముసలమ్మ కడుపులో బాగాలేదా నాయనా అని అడిగి వాము ఇచ్చింది. కామయ్య అది తీసుకొని నమిలాడు.

మస్తానయ్య లేచేసరికి బస్సును నడిపించే బొగ్గు డ్రమ్ములో నిప్పు ఆరిపోయింది. ఎంత విసిరినా రాజుకోలేదు. మగవాళ్లంతా దిగి తొయ్యాల్సి వచ్చింది. తోసేవాళ్లలో కామయ్య ముందున్నాడు, పంచె వెనకబడింది. రామలక్ష్మమ్మ లోపల కూర్చుని గడియారం చూసి, కిటికీలోంచి గంటలు చెబుతూ వచ్చింది.

ఆత్మకూరు చేరేసరికి ఎనిమిది గంటలు పట్టింది.

“గెలిచినాను” అన్నాడు కామయ్య, నడుం పట్టుకొని.

“గెలిచినారు. నెలనెలా రాను. ఢిల్లీ అంత దూరం వచ్చినోళ్లు రెండు రోజుల్లో తిరిగిపోతారా? ఏడాదికొకసారి వస్తా. వచ్చినప్పుడు మూడు నెలలుంటా.”

కామయ్య వెంటనే మాట మార్చాడు. అసలు నాలుగు గంటల దారేనని, డ్రైవరుకు దోసెలు తినిపించింది తనేనని ఒప్పుకున్నాడు.

“నిన్న డ్రైవరుకు టీ ఇప్పించినప్పుడే తెలుసు. మీరు ఊరికే ఎవరికీ మంచినీళ్లు కూడా ఇప్పించరు. అందుకే మూడు నెలలకు సరిపడా చీరలు సర్దుకోనొచ్చినా.”

 కామయ్య చారుకు చింతపండు ఎంతసేపు నానబెట్టాలో అడిగి తెలుసుకొని, తిరుగు బస్సెక్కాడు.