కాశీరావు గారి పాస్‌వర్డ్ ముహూర్తం

భవానీపురం ప్రజల చిరకాల వాంఛ ఈ ఆదివారం ఉదయం పది గంటల ముప్పై రెండు నిమిషాలకు నెరవేరనుందని, ఆ శుభ ఘడియలో మా డివిజన్ ఇన్‌ఛార్జి కాశీరావు గారు తమ అధికారిక ఖాతా పాస్‌వర్డ్‌ను స్వహస్తాలతో మార్చనున్నారని శుక్రవారం ఇంటింటికీ కరపత్రం వచ్చింది. 'స్వహస్తాలతో' అన్న మాట కింద గీత కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఖాతాని ఎవరి హస్తాలు నడిపాయో తెలిసినవాళ్ళం కనుక ఆ గీతను మేమంతా గౌరవంగా చూశాం.

ఆ హస్తాలు సాయిగణేష్‌వి. మూడేళ్ళ పాటు కాశీరావు గారి ఫొటో కింద రోజూ శుభోదయాలూ, శుభరాత్రులూ పెట్టిన ఆయన మొన్న మంగళవారం అవతలి వర్గంలో చేరారు. చేరినవారు ఊరుకోక, ఆ సాయంత్రమే కాశీరావు గారి ఖాతాలోంచి ఇబ్రహీంపట్నంలో ఉండే ప్రత్యర్థి నాయకుడికి జన్మదిన శుభాకాంక్షలు పెట్టారు. "మా గుండె చప్పుడు మీరే" అని కాశీరావు గారే నమస్కారం పెడుతున్న ఫొటోతో సహా. ఆ రోజు నుంచి ఖాతా ఎవరికీ తెరుచుకోలేదు.

ఈ చారిత్రక ఘట్టంతో నాకేం పని అని మీరు అడగవచ్చు. నాకేం లేదు. ఆదెమ్మకు ఉంది.

ఆదెమ్మ పద్దెనిమిదేళ్ళుగా మా సందు మొగలో చెక్కబల్ల మీద చేపలమ్ముతోంది. సోమవారం ఉదయంలోగా బల్ల తీసేయాలనీ, లేకుంటే లారీ వచ్చి తీసుకుపోతుందనీ ఆమె వెనకున్న గోడకి నోటీసు అంటించారు. ఆమె పాత వ్యాపారస్తురాలేనని డివిజన్ ఇన్‌ఛార్జి ఒక్క మాట రాస్తే ఆపేస్తామని మున్సిపల్ ఆఫీసులో చెప్పారు. ఆ మాట కాయితం మీద పనికిరాదు. ఆఫీసువాళ్ళు కాయితం మానేసి ఏడాదైంది. అధికారిక ఖాతా నుంచి మెసేజ్ రావాలి.

"దానికేముందమ్మా, ఖాతా చేతికి రానివ్వు" అన్నారు కాశీరావు గారు.

ఆ విధంగా ఆదివారం పొద్దున ఆదెమ్మ పార్టీ ఆఫీసు మేడ మీద కూర్చుంది. ఇంగ్లీషు చదివిపెట్టడానికి ఆమె పక్కన నేను.

ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. పట్టుబట్ట పరిచిన పీట మీద ఫోను. పంతులు గారు దానికి పసుపు రాసి, నిండుగా కుంకుమ బొట్టు పెట్టి, చిన్న బంతిపూల దండ వేశారు. కాశీరావు గారికి పెద్ద దండ, శాలువా, తలపాగా, అంతకన్నా పెద్ద బొట్టు. సరిగ్గా పదీ ముప్పై రెండుకి కొబ్బరికాయ కొట్టి ఫోను ఆయన ముఖానికెదురుగా పట్టారు.

ఫోను ఆయన్ని గుర్తుపట్టలేదు.

"మళ్ళీ చూపించండి సార్" అన్నాడు కొత్త సోషల్ మీడియా కన్వీనర్ డేనియల్.

మళ్ళీ చూపించారు. నవ్వుతూ ఒకసారి, గంభీరంగా ఒకసారి, ఎన్నికలప్పుడు పెట్టే ముఖంతో ఒకసారి. లాభం లేకపోయింది.

"బొట్టు కెమెరా మీద పడిందండీ" అన్నాను నేను, ఉండబట్టలేక.

"తుడవకూడదమ్మా, అపచారం" అన్నారు పంతులు గారు.

చివరికి శాస్త్రం ఒప్పుకునేంత మేర, చిటికెనవేలి గోరుతో తుడిచారు. కాశీరావు గారు తలపాగా తీశారు. ఫోను కరుణించింది.

తరువాత అది పాత పాస్‌వర్డ్ అడిగింది. ఆ రహస్యం పార్టీలో పద్నాలుగు మందికి తెలుసు. పద్నాలుగు మందీ ముందుకొచ్చి పద్నాలుగు రకాలుగా చెప్పారు. ఒక్కటీ సరిపోలేదు.

"ఇక 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అన్నదాని మీద నొక్కాలి సార్" అన్నాడు డేనియల్.

కాశీరావు గారి ముఖం మారింది. "నేను మర్చిపోలేదు."

"నొక్కితేనే ముందుకెళ్తుంది సార్."

"నాయకుడు మర్చిపోయాడని రాతపూర్వకంగా ఒప్పుకోమంటావా? రేపు అవతలివాళ్ళు దాన్ని ఫొటో తీసి తిప్పరూ?"

"పోనీ నేను మర్చిపోయినట్టు నొక్కుతాను సార్."

"అలా చెప్పు. కార్యకర్తంటే అట్లా ఉండాలి" అని ఆయన డేనియల్ భుజం తట్టారు. త్యాగానికి అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు ఖాతాకి ఇచ్చిన నంబరుకి ఓటీపీ వస్తుంది సార్. పది నిమిషాలే టైము."

అందరూ ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకున్నారు. కాశీరావు గారి రెండు ఫోన్లూ పలకలేదు. నా పక్కన ఆదెమ్మ బొడ్డు సంచిలో 'టింగ్'మంది.

మూడేళ్ళ కిందట 'మత్స్యకార మహిళకు డిజిటల్ కానుక' అనే సభ జరిగింది. వేదిక మీద ఆదెమ్మకు ఫోనూ, సిమ్మూ బహూకరించి, ఆ నంబరుతోనే ఈ ఖాతాకు ప్రారంభోత్సవం చేశారు. ఫొటో అయ్యాక ఫోను వెనక్కి తీసుకుని మరో మహిళకు బహూకరించారు. ఆ మరో మహిళ దగ్గర్నుంచి ఇంకో మహిళకు. సిమ్ము తీసుకోవడం మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆదెమ్మ దాన్ని తన పాత ఫోనులో వేసుకుంది.

"అంకెలు చెప్పమ్మా, తొందరగా" అన్నారు కాశీరావు గారు దండ సర్దుకుంటూ.

"ఓటీపీ ఎవురడిగినా చెప్పొద్దని మొన్న మీరే గదండీ మైకులో అరిచారు?"

"అది దొంగలకమ్మా. నేను నాయకుణ్ణి."

"తెలుసండీ. అందుకే ఆలోచిస్తన్నా."

ఎవరో వెనక నుంచి నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

"ఏం కావాలి నీకు?"

"నా బల్ల సంగతండీ. రేపు పొద్దున్నే లారీ వస్తది."

"ఖాతా తెరవగానే మొదటి మెసేజ్ నీదే."

"గెలవగానే మొదటి సంతకం కూడా నాదే అన్నారు గదండీ."

"గెలవలేదు కదమ్మా!"

"అదేనండీ నేనూ చెప్పేది."

డేనియల్ గడియారం చూశాడు. "ఏడు నిమిషాలు అయిపోయాయి సార్."

ఆదెమ్మకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు నాకంటే బాగా వచ్చు. ఫోను చెంగు కింద దాచుకుని, బొచ్చె చేప మొప్ప ఎత్తి చూపించినట్టు ఒక్క అంకె చూపించింది. "నాలుగు. ఇది చూసుకోటానికి. ఇప్పుడు ఆఫీసరు గారికి ఫోన్ కొట్టండి. అందరికీ వినబడేట్టు."

కొట్టారు. స్పీకర్లో ఆఫీసరు గారి గొంతు తేనెలా వచ్చింది. "అయ్యో, మీరు చెబితే కాదంటానా సార్! మీ అకౌంట్ నుంచి ఒక్క మెసేజ్ పడెయ్యండి. నోటిమాట సిస్టమ్ తీసుకోదు సార్."

"విన్నావుగా? ఇక ఇవ్వు తల్లీ" అన్నారు కాశీరావు గారు. మేడ మీదకు వచ్చాక ఆయన ఆమెను తల్లీ అనడం అదే మొదలు.

ఆదెమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. మిగతా అయిదు అంకెలూ వరసగా చెప్పింది. అప్పటికి నలభై సెకన్లు మిగిలాయి.

కొత్త పాస్‌వర్డ్ కోసం అయిదుగురితో అక్కడికక్కడే కమిటీ వేశారు.

"ఎనిమిది అక్షరాలుండాలి సార్. అందులో ఒకటి క్యాపిటల్" అన్నాడు డేనియల్.

"ఎక్కడ పెట్టాలి క్యాపిటల్?" అన్నారు కాశీరావు గారు గొంతు తగ్గించి.

"ముందైనా, మధ్యలోనైనా, చివరైనా మనిష్టం సార్."

"మనిష్టం కాదయ్యా. అధిష్ఠానాన్ని అడక్కుండా ఆ విషయంలో నోరెత్తకూడదు."

అధిష్ఠానం ఫోనెత్తలేదు. అందుకని ఎవరూ నొచ్చుకోకుండా మూడు చోట్లా పెట్టారు. ఆ తరవాత చుక్క, గీత, గొడుగు లాంటి గుర్తుల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చింది. ఒకదాన్ని తీసుకుంటే మిగతావాటికి అన్యాయమని ఒక సీనియర్ నాయకుడు లేచి వెళ్ళిపోబోయారు. అన్నిటికీ చోటిచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ ఇరవై ఆరు అక్షరాలైంది.

పారదర్శకతే తన ఊపిరి గనుక కాశీరావు గారు దాన్ని మైకులో అక్షరం అక్షరం చదివారు. ఆ తరవాత, ఎవరికీ చెప్పబోమని అందరి చేతా చేయి చాచి ప్రమాణం చేయించారు. మైకు కట్టింది బయటి కరెంటు స్తంభానికి. కాబట్టి రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా ప్రమాణం చేశారని చెప్పవచ్చు.

ఖాతా తెరుచుకుంది. మాట తప్పని నాయకుడు గనుక మొదటి మెసేజ్ ఆదెమ్మదే కొట్టించారు. డేనియల్ పంపిన మరుక్షణం ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నేనే చదివాను: "మీ వినతి అందినది. తగు చర్య నిమిత్తం సంబంధిత డివిజన్ ఇన్‌ఛార్జి ఖాతాకు పంపడమైనది."

పీట మీద ఫోను మళ్ళీ మోగింది. కాశీరావు గారు కళ్ళజోడు పెట్టుకుని, తనకు వచ్చిన వినతిని ఆసాంతం శ్రద్ధగా చదివి, మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒక పేద మత్స్యకార సోదరి కష్టం ఇప్పుడే నా దృష్టికి వచ్చింది. ఈ క్షణమే సంబంధిత అధికారికి రాస్తున్నాను!"

చప్పట్లు. డేనియల్ మళ్ళీ పంపాడు. జవాబు మళ్ళీ వచ్చింది. ఫోను మళ్ళీ మోగింది. మూడోసారికి వర్జ్యం మొదలైందని పంతులు గారు ఆపించారు.

జనం టిఫిన్ల వైపు కదిలారు. ఆదెమ్మ కదల్లేదు. ఈ విజయానికి ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలా అని కార్యకర్తలు మాట్లాడుకుంటుంటే చెవి పెట్టి వింటోంది.

"ఎంత ఉంటదండీ అది?"

"ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు ఎత్తు."

"మా సందు మొగలో కట్టండి బాబుగారూ. బస్సుల్లో పోయేవాళ్ళక్కూడా మీ మొహం కనబడుద్ది."

కాశీరావు గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా? పని అయినా కాకపోయినా ప్రజల అభిమానం ఇలా ఉంటుంది" అన్నారు.

సోమవారం ఆరింటికి లారీ వచ్చింది. గునపాలతో ముగ్గురు దిగి తలలెత్తి చూశారు. ఫోనును గుండెకు హత్తుకుని, ఇరవై అడుగుల కాశీరావు గారు వాళ్ళను చూసి నవ్వుతున్నారు. ఫ్లెక్సీ కర్రలకు వెనకవైపు ఆదెమ్మ బల్ల నాలుగు కాళ్ళూ నైలాను తాడుతో గట్టిగా కట్టి ఉన్నాయి.

డ్రైవరు ఎవరికో ఫోన్ చేశాడు. "సార్, బల్ల లాగితే బొమ్మ పడిపోద్ది సార్... ఆయందే సార్... సరే సార్." లారీ వెనక్కి తిరిగింది.

నేను కిలో శీలావతి చేప తీసుకున్నాను. నీడ చల్లగా ఉంది. ఆదెమ్మ పొలుసు గీకుతూ ఒకసారి పైకి చూసి, ఫ్లెక్సీ బట్టను వేళ్ళతో నలిపింది.

"బలే పల్చటి రకం వేశారమ్మగారూ, ఇది వానలకి ఆగదు. బాబుగారు మళ్ళీ ఎప్పుడు మారుస్తారంటారు పాస్‌వర్డు? తొలకరి లోపలైతే బాగుండు."