దొర కారు, పొదిగే కోడి

ఆ సోమవారం పొద్దున గోవిందప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. కొట్టం తలుపు తీయాలి, లోపలున్న కారు మీది వేరుశనగ గోతాలు దించాలి, ఆ కారును ఏం చేయాలో బావమరిది మునిరాజుతో కలిసి మధ్యాహ్నం భోజనంలోపు తేల్చెయ్యాలి.

కారు గోవిందప్ప తండ్రిది. మదనపల్లెలో ఉండిన ఒక తెల్లదొర తన దేశం వెళ్ళిపోతూ అమ్మితే ఆయన కొన్నాడు. అందుకని చౌడేపల్లె చుట్టుపక్కల అందరూ దాన్ని దొర కారు అనేవారు. పదకొండేళ్ళ క్రితం, అరవై ఎనిమిదిలో, అది బోయకొండకు పోతూ పోతూ కొండ కనిపించే చోట ఆగిపోయింది. మళ్ళీ కదలలేదు. అప్పుడు అందులో ఉన్న గోవిందప్ప తల్లి అన్నపూర్ణమ్మ కిందికి దిగి, కొండవైపు చేతులు జోడించి, "గంగమ్మ తల్లీ, వస్తే ఈ కార్లోనే వస్తా. ఇంకో బండెక్కి నీ కొండకు రాను" అని మొక్కుకుంది. కారును ఎద్దులతో ఇంటికి లాక్కొచ్చి కొట్టంలో పెట్టారు.

ఆ తరువాత బోయకొండకు బస్సులు పడ్డాయి. అన్నపూర్ణమ్మ ఒక్క బస్సులోనూ కాలు పెట్టలేదు. ఈ ఏడు ఆమె కళ్ళకు పొర కమ్మింది. మదనపల్లె డాక్టరు ఆపరేషను చేయాలన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ముందు అమ్మోరి మొగం సూడల్ల. ఆ తర్వాతే నా కంటి మీద ఎవురైనా చెయ్యి పెట్టేది. కత్తి జారితే అప్పుడేం సూస్తాను?" అంది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ డెబ్బై ఎనిమిదేళ్ళలో ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

కాబట్టి కారు కదలాలి. ఎలా కదలాలన్న దగ్గరే తగువు వచ్చింది. తండ్రి కాలంలో ఉన్నట్టే ఉండాలని గోవిందప్ప పట్టు. అదే ఇంజను, అదే నల్లరంగు, అదే రబ్బరు బుడ్డి హారను. మునిరాజుకు పుంగనూరులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఒకసారి బెంగళూరు పోయి కార్ల పందెం చూసి వచ్చాడు. అప్పటినుంచి పాత కారు కనపడితే దాని టాపు కోసెయ్యాలని అతని చేతులు దురద పెట్టేవి.

"బావా, ఈ ఇంజనుకు ఆయుసు తీరిపోయిండాది. కుప్పంలో ఒక జీపు ఇంజను సూసి పెట్టినా. అది బిగించి, టాపు తీసేసి, వెడల్పు చక్రాలేసి, ఎర్రరంగు కొట్టినామంటే బోయకొండకు పది నిమిషాలు."

"డెబ్బై యెనిమిదేండ్ల మనిషిని పది నిమిషాల్లో యాడికి పంపించల్లని ఉండావప్పా నువ్వు?"

"అది కాదు బావా..."

"మా నాయన కూచున్న కారు. దానికి టాపు తీసేదంటే మా నాయన తలపాగ తీసినట్లే."

"తలపాగ కింద తల ఉండల్ల గదా. లోపల ఇంజనే సచ్చిపోయిండాదంటే."

ఇలా మాట్లాడుకుంటూనే ఇద్దరూ కొట్టం తలుపు తీశారు. గోతాలు దించారు. గోవిందప్ప వెనక తలుపు పిడి మీద చెయ్యి వేశాడో లేదో, లోపలినుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం వచ్చింది. వెనక సీటు మధ్యలో నల్లకోడి ఒకటి రెక్కలు ఉబ్బించుకుని కూర్చొని ఉంది. పగిలిన అద్దంలోనుంచి లోపలికి పోయినట్టుంది.

"దాన్ని ముట్టుకోవద్దండి" అంటూ రెడ్డెమ్మ వచ్చింది. ఆమె గోవిందప్పకు భార్య, మునిరాజుకు అక్క. ఇద్దరూ ఒకేసారి భయపడే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. "మొన్న శుక్రవారమే పదమూడు గుడ్లు పెట్టి కూచోబెట్టినా. ఇరవై ఒక్క దినం నిండేదాకా ఈ కొట్టంలో సుత్తి చప్పుడు వినపడకూడదు. ఇనుం చప్పుడుకు గుడ్లు మురిగిపోతాయి."

"దీనికి ఇంకో తావే దొరకలేదా?" అన్నాడు గోవిందప్ప.

"తావు నేను సూపియ్యలేదు. అదే ఎంచుకునింది. మీ యిద్దరికన్నా బిరీన తేల్చుకునింది."

అరుగు మీదినుంచి అన్నపూర్ణమ్మ తీర్పు చెప్పింది. "పొదిగే కోడిని లేపకూడదు. అది లేచినాక వచ్చే ఆదివారం కొండకు పోదాం. బి.కొత్తకోట చుట్టాలకు ఈ పొద్దే చెప్పి పంపిస్తా."

దానితో ముహూర్తం కుదిరింది. కారు సంగతి మాత్రం కుదరలేదు.

సుత్తికే గాని స్పానరుకు చప్పుడు ఉండదన్న సంగతి గోవిందప్పకు మూడోరోజు తట్టింది. రెడ్డెమ్మ సంతకు పోయిన పూట నలుగురు మనుషుల్ని పిలిచి, కొట్టం దూలానికి మోకు కట్టి, పిల్లి నడిచినంత మెత్తగా ఇంజనును పైకి లేపించాడు. దాన్ని గోతాల్లో చుట్టి లారీలో మదనపల్లెకు తీసుకుపోయాడు. తండ్రి కాలంలో ఆ కారును చూసిన మెకానిక్కు చెంగయ్య అక్కడే ఉన్నాడు. "కొత్తది నాకొద్దు చెంగయ్యా. ఉండేదాన్నే బతికియ్యి" అని చెప్పి వచ్చాడు. మునిరాజుకు చెబితే మళ్ళీ వాదన పెట్టుకుంటాడని చెప్పలేదు.

అయిదోరోజు మునిరాజు కూడా చప్పుడు లేకుండానే వచ్చాడు. జీపు ఇంజను పడుతుందో లేదో జానతో కొలుద్దామని బానెట్టు ఎత్తి చూశాడు. లోపల ఏమీ లేదు. బావ ఒప్పుకున్నాడన్నమాట. పాత ఇంజనును పాత ఇనుముకు వేసేసి, కొత్తదానికి చోటు చేసి పెట్టాడు. నోటితో చెప్పడానికి మొగమాటపడి ఊరుకున్నాడు. మునిరాజుకు కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలోనే కారును నాలుగు రాళ్ళమీద నిలబెట్టి, చక్రాలు నాలుగూ పుంగనూరుకు మోసుకుపోయాడు, వెడల్పు చేయించడానికి.

సాయంత్రం గోవిందప్ప చూస్తే చక్రాలు లేవు.

"ఎవురు తీసుకుపోయింది?"

"మా తమ్ముడు" అంది రెడ్డెమ్మ, చాటలో బియ్యం ఏరుతూ.

"ఏమన్నా అన్నాడా?"

"బావది బంగారట్లా మనసు అన్నాడు. ఎండ తగిలిందేమోనని మజ్జిగ తాపించి పంపించినా."

గోవిందప్పకు అంతా అర్థమైపోయింది. ఇంజను చెంగయ్య దగ్గరికి పోయిందని మునిరాజుకు తెలిసిపోయింది. తెలిసి తగ్గాడు. తగ్గడమే కాదు, తుప్పు పట్టిన చక్రాలను తన చేత్తో బాగుచేసి ఇవ్వాలనుకున్నాడు.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పంతానికి పోయినవాడు తనంతట తాను తగ్గితే, వాడి ముందర మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే వాడి పరువు పోతుంది, పరువు పోతే పంతం మళ్ళీ లేస్తుంది. ఆ పద్ధతి ప్రకారం బావా బావమరుదులు ఇద్దరూ కారు మాట ఎత్తడం మానేశారు. బదులుగా మర్యాదలు మొదలుపెట్టారు. గోవిందప్ప పుంగనూరుకు ఒక గోతం వేరుశనగలు పంపాడు. మునిరాజు జరీ అంచు పంచె పట్టుకొచ్చి బావ చేతిలో పెట్టాడు.

"ఇదంతా యాలప్పా?" అన్నాడు గోవిందప్ప, ఆ రాత్రి భోజనాల దగ్గర.

"నువ్వు చేసిందాని ముందర ఇది యాపాటిది బావా."

"నేనేం చేసినా. పెద్ద మనసు నీది."

"నీది బావా."

"ముద్ద సల్లారిపోతాండాది, ఎవురిదైనా ఒకరిది కానీండి" అంది రెడ్డెమ్మ. పెళ్ళిలో కూడా వీళ్ళిద్దరూ ఇంత మర్యాదగా లేరని ఆమెకు బాగా గుర్తుంది.

మర్యాద పెరిగేకొద్దీ ఇద్దరికీ ధైర్యం పెరిగింది. మునిరాజు బానెట్టు విప్పుకుపోయాడు. నల్లరంగు కొట్టించడానికి కాబోలునని గోవిందప్ప మురిసిపోయాడు. గోవిందప్ప ముందు సీట్లు పీకి, కొత్త పీచు కూరించడానికి మదనపల్లెకు పంపాడు. పందెం కార్ల సీట్లకు చోటు చేస్తున్నాడని మునిరాజు మురిసిపోయాడు. ముందు తలుపులు రెండింటిలో ఒకటి ఒక ఊరికి, రెండోది ఇంకో ఊరికి పోయాయి. టాపును మాత్రం చివరి రోజు బావ కళ్ళముందే కోద్దామని మునిరాజు దాచిపెట్టుకున్నాడు. నల్లకోడి ఇవన్నీ చూస్తూ వెనక సీటులోనే కూర్చుంది. ఆ మూడు వారాలూ కారులో తన చోటు విడిచిపెట్టనిది అదొక్కటే.

శుక్రవారం పదకొండు పిల్లలు లేచాయి. ఆదివారం వచ్చింది. బి.కొత్తకోట చుట్టాలు మొదటి బస్సుకే దిగారు. పుంగనూరులో మునిరాజు పందెం కారు చేస్తున్నాడని విన్నవాళ్ళు కూడా వచ్చారు. మొత్తం నలభై మంది దాకా అయ్యారు. అన్నపూర్ణమ్మ తెల్లవారకముందే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, టెంకాయల బుట్ట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

ఎనిమిది గంటలకు మునిరాజు పుంగనూరునుంచి ట్రాక్టరు తోలుకొచ్చాడు. దాని ట్రైలరులో జీపు ఇంజను, వెడల్పు చక్రాలు, మూడడుగుల పొగగొట్టం, పసుపు చార గీసిన ఎర్ర బానెట్టు ఉన్నాయి. అదే సమయానికి మదనపల్లెనుంచి చెంగయ్య లారీలో దిగాడు. కొత్త సీట్ల పక్కన, గడ్డి పరుపు మీద, నూనె పెట్టి తుడిచిన పాత ఇంజను తళతళలాడుతోంది. చెంగయ్య చేతిలో రబ్బరు బుడ్డి హారను ఉంది.

గోవిందప్ప ట్రైలరులోకి తొంగిచూశాడు. "ఆ ఎర్రగా ఉండేదేమప్పా?"

"బానెట్టు బావా."

"ఎవురి బానెట్టు?"

"మనదే. అదుండనీ, ఆ లారీలో ఉండేదేమి?"

"ఇంజను."

"ఇనుముకు వేసినావనుకున్న్యానే."

"మా నాయన ఇంజనును ఇనుముకు వేస్తానా నేను?"

రెండు వారాల మర్యాద ఇద్దరి ముఖాల్లోనుంచీ మెల్లగా దిగిపోయింది.

"నువ్వు ఒప్పుకున్నావనే గదా నేను పంచె పెట్టింది?" అన్నాడు మునిరాజు.

"నువ్వు ఒప్పుకున్నావనే గదా నేను చెనక్కాయలు పంపింది?"

"అట్లయితే నా పంచె నాకియ్యి."

"కట్టుకోనుండాను, కనపళ్ళేదా? ముందు నా చెనక్కాయలు తే."

"తినేసినాం."

చుట్టాలు తలలు తిప్పుకుని నవ్వారు. గొడవ ఆపడానికి ఎవరో కొట్టం తలుపు తీశారు, అప్పుడు నవ్వులు కూడా ఆగిపోయాయి. ఇంజను లేదు, చక్రాలు లేవు, బానెట్టు లేదు, ముందు సీట్లు లేవు, ముందు తలుపులు లేవు. నాలుగు రాళ్ళమీద ఒక టాపు, ఒక స్టీరింగు, ఒక వెనక సీటు మిగిలాయి. సీటులో కోడి, దాని చుట్టూ పదకొండు పిల్లలు.

"పాతది బిగించేదానికి పది దినాలు కావల్ల" అన్నాడు చెంగయ్య.

"నాకు పదైదు" అన్నాడు మునిరాజు. జీపు ఇంజను ఆ సందులో పట్టదని అతనికి అప్పుడే కంటితో కొలిస్తే తెలిసింది. ఆ మాట పైకి అనలేదు.

అన్నపూర్ణమ్మ అరుగు దిగి వచ్చింది. కంటికి సరిగా ఆనక కారు చుట్టూ చేత్తో తడుముతూ ఒక చుట్టు తిరిగింది. ఎక్కడ చెయ్యి పెట్టినా ఖాళీయే తగిలింది. గోవిందప్ప తల దించుకున్నాడు. మునిరాజు ఎర్ర బానెట్టును కాలితో వెనక్కి నెట్టాడు.

"నేను కూచునే సీటు ఉండాదా?" అంది ఆమె.

"ఉండాది అత్తా" అంది రెడ్డెమ్మ.

అన్నపూర్ణమ్మ బుట్టతో సహా లోపలికి ఎక్కి, కోడిని కొంచెం పక్కకు జరిపి కూర్చుంది. "ఊ, ఎత్తండి" అంది.

"ఏమి ఎత్తేదిమా?" అన్నాడు గోవిందప్ప.

"కారును. ఎత్తి ఆ ట్రాక్టరు మీద పెట్టండి."

"అమ్మా, కార్లో పోవల్లని గదా నీ మొక్కు?"

"కార్లోనే గదా కూచోనుండా. ఇంజనుతో వస్తానని మొక్కలేదు. చక్రాల మాట గూడా ఎత్తలేదు."

"ఇంకో బండి ఎక్కనంటివే. ట్రాక్టరు ఇంకో బండే గదా?"

"ట్రాక్టరెక్కేది కారు. నేను యాడ ఎక్కినా?"

చుట్టాలు పంచెలు ఎగ్గట్టారు. ఇంజను, చక్రాలు ఉండి ఉంటే ఆ కారును కదిలించడం మనుషుల వల్ల అయ్యేది కాదు. బావా బావమరుదులు మూడు వారాలు కష్టపడి విప్పేసినందువల్ల పద్దెనిమిది మంది సరిపోయారు. జీపు ఇంజనును, లారీలోని పాత ఇంజనును దించి పక్కపక్కన పెట్టారు. పలకరింపులు లేని చుట్టాల్లాగ అవి రెండూ వాకిట్లో ఉండిపోయాయి.

మునిరాజు ట్రాక్టరు తోలాడు. పది నిమిషాల్లో పోతానన్న మనిషి, కోడిపిల్లలు బెదురుతాయని అక్క అరుస్తుంటే గంటన్నర తీసుకున్నాడు. గోవిందప్ప ట్రైలరు మీద నిలబడి ఒక చేత్తో కారును పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండో చేత్తో బుడ్డి హారను నొక్కాడు. ఏదో ఊరేగింపనుకుని దారిలో ఇద్దరు టెంకాయలు కొట్టారు.

కొండ మెట్ల దగ్గర అన్నపూర్ణమ్మకు ఒక రెక్క కొడుకు పట్టుకున్నాడు, ఇంకో రెక్క మునిరాజు పట్టుకున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. కానీ ఆమె పడకుండా ఉండాలంటే ఇద్దరూ ఒకే అడుగు వేయాల్సి వచ్చింది. గుడిలో ఆమె చాలాసేపు నిలబడింది. పూజారి హారతి ఎత్తి పట్టుకున్నాడు.

"అమ్మోరి ముక్కుపుడక గూడా తెలస్తాండాది" అంది ఆమె, తనలో తాను అనుకున్నట్టు.

తిరుగుదారిలో ఆమె చాలా కులాసాగా ఉంది. "రే గోవిందూ, మంగళవారం మదనపల్లెకు పోదాం. ఆపరేషను కానీ. కళ్ళు బాగా వస్తే వచ్చే యేడు మళ్ళీ ఇదే కార్లో వస్తానని మొక్కినా. ఈసారి ఇంజనుతో అని గూడా చెప్పినా."

"ఏ ఇంజనుతో అని చెప్పినావుమా?" అన్నాడు గోవిందప్ప.

"అది మీ యిద్దరూ తేల్చుకోవల్ల."

మర్నాడు సోమవారం. మధ్యాహ్నం భోజనంలోపు తేల్చెయ్యాలని బావా బావమరుదులు ఇద్దరూ పొద్దున్నే కొట్టం తలుపు తీశారు.

వెనక సీటులో ఈసారి ఎర్రకోడి కూర్చొని ఉంది.